విహార రేవు, మెరకలంక

1. జూన్ 18, బుధవారం

పడమటి గాలి. తెల్లారకముందు సన్న జల్లు పడి ఆగింది. ఎనిమిదింటికి ఎండ వచ్చింది కానీ పస లేదు. నీరు రేవులో ఆరో మెట్టుకు ఎక్కింది. నిన్న ఐదో మెట్టు.

లైఫ్ జాకెట్లు నూట నలభై ఇళ్ళ నుంచి తెప్పించి బయట తీగ మీద ఆరేశాను. పదకొండు జాకెట్లకు కుట్లు ఊడాయి, దారం తడిపి కుట్టాను. ప్రతి జాకెట్టు మీదా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వే చేప బొమ్మ, కింద 'తేలుదాం, తుళ్ళుదాం' అన్న అక్షరాలు. అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి. చేప చెరగలేదు.

పదింటికి ఆడవాళ్ళకు శిక్షణ. పద్దెనిమిది మంది వచ్చారు. శిక్షణకు ముందు జాకెట్ల మెడ దగ్గర మనిషి పేరుతో ఉండే బిళ్ళలు తీసి డబ్బాలో పెట్టాను. ఆ బిళ్ళ తడిస్తేనే రక్షణ పడవ తాళం విడుతుంది. ఎవరూ నీళ్ళలో పడకుండా నేను ఎంత తిప్పినా తాళం రాదు. వెల్లకిలా తేలడం నేర్పాను. కేతా మార్తమ్మకు అందరికంటే బాగా వచ్చింది. రెండేళ్ళ కిందట ఆమె మరిదిని చచ్చే స్థితిలో మేం బయటికి లాగాం. అప్పటి నుంచి ఒక్క శిక్షణా మానలేదు.

నేను చూసుకునే ఈ కేంద్రం ఎనిమిదేళ్ళ కిందట వచ్చింది. విహార పడవల భద్రతా పథకం అని బోర్డు. మా లంకలో విహారం ఎవరు చేస్తున్నారో మాకు తెలియదు. సముద్రం పైకొచ్చి రోడ్డు మునిగాక గడ్డికీ, బడికీ, పెళ్ళికీ, చావుకీ పడవే. ప్రభుత్వం కేంద్రం ఇచ్చింది, తీసుకున్నాం. ఈ ఎనిమిదేళ్ళలో పందొమ్మిది మందిని బతికుండగా తీశాను. ఇద్దరిని తీయలేకపోయాను.

మధ్యాహ్నం సర్క్యులర్ వచ్చింది. ఇక మీదట రెండో ప్రమాద హెచ్చరిక ఉన్నన్నాళ్ళూ విహార పడవలకు లాకు తెరవరట. ఎక్కడో సరదాకు తిరిగేవాళ్ళ సంగతి అనుకున్నాను. గోడకు అంటించాను.

2. జూలై 3, గురువారం

ముసురు. నీరు తొమ్మిదో మెట్టు. తెల్లవారుజామున రెండో హెచ్చరిక వేశారు. ఇప్పటి రోజుల్లో వేశారంటే అక్టోబరు దాకా తియ్యరు.

కొప్పాడి సింహాద్రి బాబాయి ఏడింటికి బుల్లెమ్మ పిన్నిని ఎక్కించుకుని బయల్దేరాడు. పిన్నికి కిడ్నీలు పోయి మూడేళ్ళు. సోమవారం, గురువారం పట్నంలో రక్తం కడిగించుకోవాలి. ఒక్కసారి తప్పితే కాళ్ళు వాస్తాయి. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదని డాక్టరు చెప్పాడు.

తాళం తిప్పగానే పడవలోని పెట్టె ఎప్పటిలాగే అడిగింది. "శుభోదయం. మీ ప్రయాణ ప్రయోజనం తెలపండి."

"ఊరికే" అన్నాడు బాబాయి.

ఇక్కడ అందరూ అదే అంటారు. నీళ్ళ మీదికి బయల్దేరేవాణ్ణి ఎక్కడికి, ఎందుకు అని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది. అడిగించుకున్నవాడు ఇంటికి వెనక్కి పోయి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. పెట్టెకు ఈ సంగతి తెలియదు. రోజూ అడుగుతుంది. రోజుకు నాలుగుసార్లు వెనక్కి పోలేరు కనుక, అందరూ ఊరికే అని చెప్పి దాని నోరు మూయించి పోతారు. నేనూ అంతే.

అరగంటకు వాళ్ళు వెనక్కి వచ్చారు. కాలవలోంచి పాయలోకి పోయే లాకు తలుపు తెరుచుకోలేదట. నేను జాకెట్టు వేసుకుని వాళ్ళతో మళ్ళీ వెళ్ళాను.

లాకు దగ్గర మనిషి లేక పదకొండేళ్ళయింది. గోడలో గొంతు ఉంది. "రెండో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉంది. విహార పడవలకు అనుమతి లేదు. ఇంటి వద్దనే ఆనందంగా గడపండి."

"ఆనందంగా ఏంటే, నీ మొకం" అన్నాడు బాబాయి. "లాకు కాడ మనిషున్న రోజుల్లో అయితే ఆడి చొక్కా అట్టుకునేవోణ్ణి. ఇప్పుడెవణ్ణి తిట్టాలి?"

"గోడని తిట్టు" అంది బుల్లెమ్మ పిన్ని. "నన్ను తిట్టడం కన్నా నయం."

పాయలోకి వేరే దారి లేదు. గట్టు మీదుగా పడవ మోసుకుపోదామంటే గట్టు రెండు తాటిచెట్ల ఎత్తు.

నేను బాబాయితో చెప్పాను. ఒక్కసారి ఉన్నమాట చెప్పు, ఆస్పత్రికి అను, తెరుస్తుందేమో అన్నాను. ఆయన నా వంక చూడలేదు. చాలాసేపు తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి కాలవనీళ్ళు పుక్కిలించి ఉమ్మి, పెట్టె దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"ఆస్పత్రికి."

"ధన్యవాదాలు. మెరకలంక విహార రేవుగా నమోదై ఉంది. వర్గం మార్పు దరఖాస్తుకు తొంభై రోజులు పడుతుంది. ఇంటి వద్దనే ఆనందంగా గడపండి."

"అనిపించావు కదా అమ్మాయ్" అన్నాడు. పడవ వెనక్కి తిప్పాడు. గురువారం తప్పింది.

3. జూలై 5, శనివారం

వాన లేదు. ఉక్క. పొద్దుటి నుంచి ఫోను దగ్గరే కూర్చున్నాను. పదకొండింటికి విహార శాఖ సహాయ కేంద్రం దొరికింది. అమ్మాయి గొంతు. మనిషో కాదో అడగలేదు.

అంబులెన్స్ పడవ పంపమన్నాను. విహార రేవులకు అంబులెన్స్ ఉండదు, అక్కడ భద్రతా కేంద్రం ఉంటుంది కదా అంది. ఆ కేంద్రం నేనే అన్నాను. చాలా సంతోషం మేడమ్ అంది.

మా రేవు విహార రేవు ఎలా అయిందని అడిగాను.

"మీ రేవు ప్రయాణాల్లో నూటికి తొంభై నాలుగు 'ఊరికే' అని నమోదయ్యాయి మేడమ్. ఊరికే అంటే పనేమీ లేకుండా, సరదాగా. రాష్ట్రంలో ఇంత సరదా రేవు ఇంకోటి లేదు. అందుకే మీకు మొదటి విడతలోనే కేంద్రం మంజూరైంది."

ఫోను పెట్టేసి తీగ మీది జాకెట్లు చూశాను. ఎనిమిదేళ్ళుగా ఆ చేప ఎందుకు నవ్వుతోందో ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం పిన్నిని చూసి వచ్చాను. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. "పిండిముద్దలా ఉన్నాను కదే" అంది.

4. జూలై 7, సోమవారం

గాలివాన. నీరు పదో మెట్టు. ఏడున్నరకు బాబాయి పిన్నిని చేతుల మీద రేవుకు తెచ్చాడు. ఆమె పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఆయాసం.

రక్షణ పడవకు లాకు ఎప్పుడైనా తెరుచుకుంటుంది. నీట పడినవారిని గంటలోగా ఆస్పత్రికి చేర్చాలన్నది మా నియమావళిలో మూడోది. నాలుగు రోజులుగా ఆ వాక్యమే నా బుర్రలో తిరుగుతోంది. నోటితో అనడానికి సిగ్గేసింది.

నేను అనకముందే పిన్ని తన జాకెట్టు విప్పి మొగుడి చేతికిచ్చింది. "ముంచు."

"ఏంటి?"

"జాకెట్టు ముంచవయ్యా. నన్ను కాదు."

బాబాయి మెట్టు మీద వంగి జాకెట్టు మెడ దాకా ముంచి తీశాడు. రక్షణ పడవ తాళం టక్కుమని విడింది. లాకు నోరెత్తకుండా తెరుచుకుంది. ఎనిమిది నలభైకి ఆస్పత్రిలో ఉన్నాం. నాలుగు గంటలు బల్ల మీద కూర్చుని, పరికరాల తనిఖీ అని రాసుకుని, ఆమెను తీసుకుని వచ్చాను.

కేంద్రం పెట్టెలో నమోదు: ఒక మహిళా విహారి నీట పడినది. రక్షించబడినది.

5. జూలై 17, గురువారం

తెరిపి. జాకెట్లకు బూజు పడుతోంది, వేపాకు పొగ వేశాను.

ఇది నాలుగోసారి. ఇవాళ శాఖ నుంచి పిన్ని పేరు మీద కబురు వచ్చింది. 'తరచుగా నీట పడే విహారి' అని ఆమెను గుర్తించారట. ఒక వీడియో పంపారు. కొబ్బరిబోండం తాగుతూ ఒకమ్మాయి, పడవలో గంతులు వేయరాదు, సెల్ఫీల కోసం అంచున నిలబడరాదు అని చెప్పింది. పిన్ని చాప మీద పడుకుని ఆసాంతం చూసింది.

"గంతులు మానెయ్యమంటంది" అన్నాడు బాబాయి.

"మానేశాను. నీతో పెళ్ళయిన రోజే" అంది.

కబురు చివర ఇంకో మాట ఉంది. మరొకసారి పడితే ఆరు నెలలు ఆమె పేరున జాకెట్టు ఇవ్వకూడదు. సోమవారం నుంచి బాబాయి తన జాకెట్టు ముంచాలి. ఆయన పడినట్టు, ఆమె తోడు వచ్చినట్టు. ఆ తర్వాత నాది. ఆ తర్వాత ఎవరిదో.

రవాణా శాఖకు రాశాను. లాకు తెరిపించమని. మీ రేవు మా పరిధిలో లేదు అని పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇంత తొందరగా జవాబు వచ్చింది అదొక్కటే.

6. జూలై 21, సోమవారం

ఈదర గాలి. నీరు పదకొండో మెట్టు.

నేను పిన్నితో ఆస్పత్రిలో ఉండగా, తొమ్మిదిన్నరకు మార్తమ్మ భర్త ప్రసాదరావు పడవ లోపలి కాలవ మలుపులో బోల్తా పడింది. గడ్డిమోపులు తెస్తున్నాడు. జాకెట్టు వేసుకున్నాడు, తేలాడు. కానీ సుడి లాకు గోడ వైపు లాగింది. రక్షణ పడవ ఉంటే నాలుగు నిమిషాల పని. రేవులో పడవ లేదు. జనం గట్టు మీది నుంచి వెదుళ్ళు అందించి ఇరవై నిమిషాలకు లాగారు. భుజం ఎముక విరిగింది. నీళ్ళు మింగాడు. బతికాడు.

నేను రెండింటికి రేవు చేరేసరికి మార్తమ్మ మెట్ల మీద ఉంది.

"మా ఆయన నీళ్ళల్లో ఉన్నాడు. నువ్వు ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నావు."

"అవును" అన్నాను.

"పడనోళ్ళ కోసం తిప్పుతున్నావు పడవని. పడ్డోడికి లేదు."

పిన్ని పడవలోనే ఉంది. అన్నీ వింది. దిగడానికి మార్తమ్మే చెయ్యి ఇచ్చింది. ఇచ్చి, తన చెయ్యి తాను విదిలించుకుని వెళ్ళిపోయింది.

కేంద్రం పెట్టె ఆ పూట రెండు నమోదులు చేసింది. సింహాద్రి, పురుష విహారి, రక్షించబడినాడు. ప్రసాదరావు, పురుష విహారి, సిబ్బంది అందుబాటులో లేరు.

7. జూలై 30, బుధవారం

ఎండ. వారం తర్వాత ఇదే. శిక్షణకు ఆరుగురే వచ్చారు. మార్తమ్మ రాలేదు.

విహార శాఖ పరిశీలకుడు ఇస్రాయేలు గారు పదింటికి వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. చొక్కా కాలరుకు అగ్గిపెట్టెంత పెట్టె ఉంది. ఇంత చిన్న రేవులో ఇన్ని రక్షణలు ఎందుకో చూసి రమ్మన్నారట.

"విహారులు ఎక్కడుంటారండి?" అన్నారు.

రేవు చూపించాను. ఒకరు గడ్డి, ఒకరు రొయ్యల తట్టలు, ఒకరు కుట్టు మిషను ఎక్కిస్తున్నారు. ఆయన కొంచెంసేపు చూసి, తాళం తిప్పబోతున్న సింహాద్రి బాబాయి దగ్గరికి పోయి మర్యాదగా అడిగారు.

"ఎక్కడికండీ బయల్దేరారు?"

బాబాయి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పడవ కట్టేశాడు. ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇస్రాయేలు గారు పక్క పడవను అడిగారు. రొయ్యల తట్టలు దిగాయి. ఆ పక్కన కుట్టు మిషను దిగింది. పావుగంటలో రేవు ఖాళీ అయింది. ఆరు పడవలు, ఒక్క మనిషీ లేడు.

"నేనేమన్నానండి?" అన్నారు. నిజంగానే భయపడ్డారు.

చెప్పాను. బయల్దేరేవాణ్ణి అడగకూడదని, ఇళ్ళకు పోయి మంచినీళ్ళు తాగి వస్తారని, పెట్టె రోజూ అడుగుతుంది కనుక ఊరికే అని దాటేస్తారని, ఆ మాటకు విహారం అని అర్థం లేదని, ఆ ఒక్క మాటతోనే మేం విహార రేవు అయ్యామని. ఎనిమిదేళ్ళుగా ఎవరూ ఎవరికీ చెప్పనిది, మనిషి మర్యాదగా అడిగాడు కదా అని పూసగుచ్చినట్టు చెప్పాను. జాకెట్టు ముంచడం కూడా చెప్పాను.

ఆయన పగలబడి నవ్వారు. "మా నాయనమ్మ బస్సెక్కేటప్పుడు కూడా ఇంతేనండి. కండక్టరు ఎక్కడికి అంటే దిగిపోయేది." తర్వాత నవ్వు ఆపి కాలరు మీది పెట్టెను వేలితో తాకారు.

"ఇది వింది, రత్నం గారూ. నేను రాయకపోయినా ఇది రాస్తుంది."

ముందే ఎందుకు చెప్పలేదు అన్నాను. మీరు ముందే ఎందుకు ఆగలేదు అన్నారు. ఇద్దరం టీ తాగాం. ఆయన చెడ్డ మనిషి కాడు. అది దేనికీ పనికిరాలేదు.

8. ఆగస్టు 3, ఆదివారం

జల్లులు. నీరు పదో మెట్టు.

శుక్రవారం కేంద్రం పెట్టెలోకి ఒక ప్రశ్న వచ్చింది. 'ఊరికే అనగా విహారం. అవును / కాదు. కేంద్రం బాధ్యులు మూడు రోజుల్లో తెలపాలి.' ఇవాళ సాయంత్రంతో గడువు.

ఇస్రాయేలు గారు ఫోను చేసి విడమరిచి చెప్పారు. అవును అంటే అంతా ఇప్పటిలాగే. కేంద్రం ఉంటుంది, రక్షణ పడవ ఉంటుంది, లాకు మూసే ఉంటుంది. జాకెట్టు ముంచడం ఇక కుదరదు. పడినవాళ్ళ ఊపిరిని, చర్మాన్ని కూడా చూసే బిళ్ళలు పంపుతున్నారు. కాదు అంటే మాది పని రేవు అవుతుంది. రేపటి నుంచే లాకు తెరుచుకుంటుంది. కేంద్రం నెలలోగా ఎత్తేస్తారు. విహార భద్రతా నిధి విహారానికే.

"పనికి పోయేవాళ్ళు మునగరా అండీ?" అన్నాను.

"మునుగుతారు. కానీ వాళ్ళు మునిగేది వేరే శాఖలో."

"ఆ శాఖకు రక్షణ పడవలు ఉన్నాయా?"

"లేవండి. అడగాలి."

మూడింటికి అందరినీ కేంద్రం దగ్గరికి పిలిచాను. నలభై మంది దాకా వచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"సగం అవును, సగం కాదు నొక్కలేమా?" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"నీ పెళ్ళికి నువ్వు ఒప్పుకున్నట్టా?" అంది ఇంకొకామె. కొందరు నవ్వారు.

మార్తమ్మ లేచింది. "అవును నొక్కు రత్నం. ఇంకేం చూడకు. ఆ పడవ లేకపోతే ఏడాదికి ఇద్దరు పోతారు. ఎవరో తెలీదు కాబట్టి ఎవరూ ఏడవట్లేదు. నాకు తెలుసు, నేను చూశాను."

అందరూ బుల్లెమ్మ పిన్ని వైపు చూడకుండా ఉండటానికి అవస్థ పడ్డారు. ఆమె అరుగు మీద కూర్చుని చేతి కట్టు సర్దుకుంటోంది.

"నాకు రేపు సోమారం. ఎల్లాలి" అంది. "మీరేం నొక్కుకుంటారో నొక్కుకోండి. నేను మాత్రం ఎల్లాలి."

"నీ మీద కోపం కాదు పిన్నీ" అంది మార్తమ్మ.

"కోపమే. ఉండనీ. నువ్వు కోపం మానితే నా రక్తం సుబ్బరపడదు కదా."

"పట్నంలో గది తీసుకోవచ్చు కదా?"

"నా ఇల్లు ఇక్కడుంది."

సింహాద్రి బాబాయి చివర్లో నన్ను అడిగాడు. "నువ్వేం చేత్తావమ్మాయ్?"

నాకు తెలియదన్నాను. అందరూ వెళ్ళాక గంటసేపు పడవ ఇంజను తుడిచాను. తుడవాల్సిన అవసరం లేదు. మార్తమ్మ లెక్క సరైనదే. నా పుస్తకమే సాక్ష్యం. కానీ ఆ మునగబోయేవాళ్ళు ఇంకా ఒడ్డు మీదే ఉన్నారు. వాళ్ళకు ఈత నేర్పొచ్చు, వెదురు అందించొచ్చు. పిన్నికి అలాంటివేం లేవు. రేపు ఎనిమిదిన్నరకు ఆమె లాకు అవతల ఉండాలి.

ఐదున్నరకు 'కాదు' నొక్కాను.

ధన్యవాదాలు అంది పెట్టె. మార్తమ్మ ఇంటికి పోయి నేనే చెప్పాను. ఆమె తలుపు వెయ్యలేదు, లోపలికి రమ్మనలేదు.

9. ఆగస్టు 4, సోమవారం

వాన లేదు. లాకు తెరుచుకుంది. పిన్ని 8.25కి ఆస్పత్రి చేరింది. నేను వెళ్ళలేదు. రేవులో ఉన్నాను.

10. ఆగస్టు 22, శుక్రవారం

ఈశాన్యం మబ్బు. నీరు పదకొండో మెట్టు.

జాకెట్లు వెనక్కి తీసుకోవడానికి బుధవారం ఇద్దరు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. నూట ముప్పై ఒకటి దొరికాయి. మిగిలిన తొమ్మిది ఏవి అన్నారు. చిరిగి పోయాయి అన్నాను. అవి ఏ ఇళ్ళలో ఉన్నాయో నాకు తెలుసు, బిళ్ళలు కోసి నేనే పారేశాను.

దొరికిన జాకెట్లు ఏం చేస్తారని అడిగాను. కొండల్లో కొత్తగా ఒక జలాశయం కట్టారట, అక్కడికి వారానికి రెండు వందల మంది సరదాకు వస్తారట.

రవాణా శాఖకు ఇప్పటికి ఏడు ఉత్తరాలు రాశాను. ఈ ఉదయం జవాబు వచ్చింది. 'పని పడవల వారికి నీటి అలవాటు సహజంగా ఉండును కనుక ప్రత్యేక భద్రతా కార్యక్రమము ప్రతిపాదనలో లేదు. మీ సూచన ఫైలు చేయబడినది.' రెండుసార్లు చదివాను. అలవాటు ఉన్నవాళ్ళలోంచే పందొమ్మిది మందిని తీశాను, ఇద్దరిని తీయలేకపోయాను అని ఎనిమిదో ఉత్తరం మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. మళ్ళీ రాస్తాను.

రక్షణ పడవను 11.10కి తీసుకుపోయారు. పోయేముందు బ్యాటరీ నింపి ఇచ్చాను. తుప్పు పట్టిన కొక్కెం మార్చాలని వాళ్ళకు చెప్పాను. రాసుకోలేదు.

మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. శిక్షణ ఉంటుందా అని అడిగింది. ఉంటుంది, జాకెట్లు లేకుండా అన్నాను. ఖాళీ నూనె డబ్బాలు కట్టుకుని తేలడం నేర్పుదాం అంది. పద్నాలుగు డబ్బాలు పోగయ్యాయి.

11. ఆగస్టు 28, గురువారం

గాలి. ఉదయం ఓర్చుకునేలా ఉంది, తర్వాత పెరిగింది.

సింహాద్రి బాబాయి పడవ తిరుగుదారిలో, పాయ మధ్యలో, కెరటం ఎక్కి సగం నిండింది. ఇంజను ఆగింది. ఇదివరకు ఇలాంటప్పుడు నేను పది నిమిషాల్లో చేరేదాన్ని. ఇవాళ గట్టు మీది నుంచి చూశాను. నాతో ఎనిమిది మంది ఉన్నారు. చూడటం తప్ప మేం చెయ్యగలిగింది లేదు. ప్రసాదరావు తన పడవ తీయబోయాడు, ఒంటి చేత్తో. మార్తమ్మ తాళం లాక్కుంది.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి నలభై నిమిషాలు డబ్బాతో నీళ్ళు తోడాడు. పిన్ని ఒక చేత్తో తోడింది. రెండో చెయ్యి, సూదులు గుచ్చే చెయ్యి, తడవకుండా తల మీద పెట్టుకుంది. ఇంజను మూడోసారికి అంటుకుంది.

మెట్ల దగ్గర దిగాక బాబాయి వంగి పడవ కట్టాడు. పిన్ని మాట్లాడింది.

"నేను ఆస్పత్రికెళ్ళేది బతకడానికే. దారిలో ఈయన చచ్చిపోతే నేను ఒక్కదాన్నీ బతికేం చేసుకోను?"

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు పిన్నీ. మళ్ళీ రాశాను" అన్నాను.

"రాయి. నువ్వు బాగా రాత్తావు." అంతే అంది. వెటకారమో కాదో తెలియలేదు.

సాయంత్రానికి కబురు తెలిసింది. ఆస్పత్రి వెనక సందులో ఒక గది మాట్లాడారు. గేదెను అమ్మారు.

నేను కాదు నొక్కింది ఆమె ఇక్కడి నుంచి పోయి రావడానికి. పడవా పోయింది, ఆమె కూడా పోతోంది. మార్తమ్మ ఈ మాట నాతో అంటుందని రాత్రి దాకా ఎదురు చూశాను. అనలేదు.

12. సెప్టెంబరు 1, సోమవారం

తూర్పు గాలి, నెమ్మదిగా ఉంది. నీరు తొమ్మిదో మెట్టు. శిక్షణకు ఇరవై ఇద్దరు.

కేంద్రం బోర్డు దింపారు. తాళంచెవి ఇస్రాయేలు గారి మనిషికి 7.30కి ఇచ్చాను. అతను 7.40కి వెళ్ళాడు.

సింహాద్రి బాబాయి, బుల్లెమ్మ పిన్ని, రెండు ట్రంకుపెట్టెలు, ఒక మంచం: బయల్దేరింది 8.15.